ముల్లు ఆగాకే తూకం చదవాలి: క్లాక్ ఎడ్జ్ మీద మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. రెండు చిప్‌లు ఒక తీగ మీద ఒక్కో బిట్టు చొప్పున మాట్లాడుకుంటుంటే, ఆ బిట్టును క్లాక్ ఎక్కేటప్పుడు అందుకోవాలా, దిగేటప్పుడు అందుకోవాలా? (క్లాక్ అంటే ఇంకో తీగ మీద వోల్టేజి లయగా పైకి, కిందికి మారుతూ ఇచ్చే తాళం. అది ఎక్కే లేదా దిగే క్షణమే ఎడ్జ్, ఒకసారి ఎక్కి దిగితే ఒక పల్సు.) చర్లపల్లిలో ఒక చిన్న కంపెనీ టెస్ట్ బెంచ్ దగ్గర నేను గడిపిన ఏళ్ళలో చాలా రాత్రులు ఈ ప్రశ్నకే పోయాయి. అందుకే ఈసారి మిగతా ఉత్తరాలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు తీసుకుంటాను. అందులోని తప్పు చాలామంది చేసేదే, కానీ అది అంత తేలిగ్గా కంటికి కనిపించదు.

ప్రశ్న: మేడమ్, నేను గుంటూరులో డిప్లొమా ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా నాన్నకు ఎండుమిర్చి దుకాణం ఉంది. ఆయన కోసం 20 కేజీల లోడ్ సెల్ (బరువును పసిగట్టే సెన్సర్), దాని సిగ్నల్‌ను అంకెగా మార్చే హెచ్‌ఎక్స్711 బోర్డు, ప్రోగ్రామ్ నడిపే ఆర్డుయినో యూనో బోర్డు పెట్టి కాటా తయారుచేశాను. లైబ్రరీ వాడకుండా కోడ్ నేనే రాయాలనుకున్నాను. ఇదివరకు డీఎస్1302 గడియారం ప్రాజెక్టుకు రాసుకున్న రీడ్ ఫంక్షన్‌నే తీసుకుని, పెద్ద బిట్టు (అన్నిటికంటే ఎక్కువ విలువున్నది) ముందు వచ్చేలా మార్చాను. ఖాళీ పళ్ళెం ఉంటే 8,421 వస్తోంది. 5 కేజీల రాయి పెడితే 2,76,421. దాన్నిబట్టి గ్రాముకు 53.6 అని లెక్క కట్టాను. 1 కేజీ, 2 కేజీలు, 10 కేజీలు అన్నీ సరిగ్గా చూపిస్తోంది. కానీ పళ్ళెం తీసేస్తే ఒక్కసారిగా 83,87,108 వస్తోంది. డిస్‌ప్లే మీద 156 కేజీలు! బోర్డు మార్చి చూశాను, మళ్ళీ అలాగే వచ్చింది. తప్పు ఎక్కడుంది?

జవాబు: బాబూ, బోర్డులో తప్పు లేదు, లోడ్ సెల్‌లోనూ లేదు. నీ కాటా మొదటి రోజు నుంచీ సగమే చదువుతోంది. పళ్ళెం తీసినప్పుడు మాత్రమే ఆ సంగతి బయటపడుతోంది.

మీ నాన్నగారిని ఒకటి అడుగు. పాత తక్కెడతో తూచే రోజుల్లో ముల్లు ఊగుతుండగా తూకం చెప్పేవారా? ముల్లు ఆగేదాకా చూసి అప్పుడు చెప్పేవారు. తీగ మీది బిట్టు విషయంలోనూ అదే పద్ధతి. పంపే చిప్ ప్రతి క్లాక్ పల్సుకూ ఒకసారి బిట్టును మారుస్తుంది. కొన్ని చిప్‌లు క్లాక్ ఎక్కగానే మారుస్తాయి, కొన్ని దిగగానే. మార్చిన బిట్టు తీగ మీద నిలదొక్కుకోవడానికి కాస్త సమయం పడుతుంది. అది మారే క్షణంలో కాకుండా క్లాక్ రెండో వైపుకు వెళ్ళేటప్పుడు చదివితే ఆగిన ముల్లును చదివినట్టు. కాబట్టి కొత్త చిప్ చేతికి రాగానే దాని డేటాషీటులో (తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో) మొదట వెతకాల్సింది ఇదే: ఇది బిట్టును ఎప్పుడు మారుస్తుంది?

ఇప్పుడు నీ దగ్గరున్న రెండు చిప్‌లనూ పక్కపక్కన పెట్టి చూడు.

డీఎస్1302 నీ ఆదేశాన్ని క్లాక్ ఎక్కేటప్పుడు తీసుకుంటుంది. తన డేటాను క్లాక్ దిగేటప్పుడు బయట పెడుతుంది. ఆదేశంలోని ఎనిమిదో బిట్టు కోసం క్లాక్ ఎక్కి దిగుతుంది కదా, ఆ దిగడంలోనే మొదటి డేటా బిట్టు తీగ మీదికి వచ్చేస్తుంది. అంటే కొత్త పల్సు ఇవ్వకముందే బిట్టు నీకోసం ఎదురుచూస్తుంటుంది. అందుకే అప్పట్లో నువ్వు ముందు పిన్ చదివి, తర్వాత క్లాక్‌ను ఎక్కించి దించావు. ఆ చిప్‌కు అది నూటికి నూరుపాళ్ళు సరైన వరుస.

హెచ్‌ఎక్స్711 అలా కాదు. కొలత సిద్ధమయ్యేదాకా తన డేటా పిన్‌ను పైన ఉంచుతుంది. సిద్ధం కాగానే కిందికి దించుతుంది. ఆ కింద ఉండటం 'రెడీ' అనే సైగ మాత్రమే, డేటా కాదు. నువ్వు మొదటి పల్సు ఇచ్చి క్లాక్ ఎక్కించాకే, 0.1 మైక్రోసెకను లోపల, 24 బిట్లలో పెద్ద బిట్టును బయట పెడుతుంది. రెండోసారి ఎక్కిస్తే రెండోది. ఇలా 24 ఎక్కుళ్ళకు 24 బిట్లు.

నీ పాత ఫంక్షన్ ఇక్కడ ఏం చేసిందో చూడు. పల్సు ఇవ్వకముందే ఒకసారి చదివింది. అక్కడున్నది రెడీ సైగ తాలూకు సున్నా. దాన్ని మొదటి బిట్టు అనుకుంది. అసలు మొదటి బిట్టు రెండో స్థానంలోకి జరిగింది, రెండోది మూడో స్థానంలోకి. 24వ పల్సు తర్వాత వచ్చిన చివరి బిట్టును ఎవరూ చదవలేదు. ఒక సంఖ్య బైనరీలో ఒక స్థానం కిందికి జరిగితే అది సగమవుతుంది. పళ్ళెంతో అసలు విలువ 16,842. నీకు కనిపించింది 8,421. రాయితో అసలు విలువ 5,52,842. నీకు కనిపించింది 2,76,421.

మరి తూకాలు సరిగ్గా ఎలా వచ్చాయి? ఈ మాట మీద కాసేపు ఆగాలి. నువ్వు 5 కేజీల రాయితో కాలిబ్రేట్ చేసినప్పుడు (గ్రాముకు ఎంతో లెక్క కట్టినప్పుడు) చదివిందీ సగమే, దాన్ని భాగించిన అంకె కూడా సగమే. భాగహారంలో తప్పు రెండు వైపులా కొట్టుకుపోయింది. కాలిబ్రేషన్ కాటాను సరిచేయలేదు, తప్పును దాచిపెట్టింది. 1 కేజీ, 2 కేజీలు, 10 కేజీలు సరిపోయేసరికి నీకు అనుమానం రాలేదు. నీ స్థానంలో నేనున్నా వచ్చేది కాదు.

పళ్ళెం తీయగానే అసలు విలువ సున్నా కిందికి, మైనస్ 3,000కు వెళ్ళింది. హెచ్‌ఎక్స్711 మైనస్ సంఖ్యలను టూస్ కాంప్లిమెంట్ పద్ధతిలో పంపుతుంది. అంటే పెద్ద బిట్టు 1 అయితే మైనస్ అని అర్థం. మైనస్ 3,000 తీగ మీద 1,67,74,216గా వస్తుంది. దాని ముందు నీ దొంగ సున్నా చేరి అది సగమైతే 83,87,108. అచ్చంగా నీ ఉత్తరంలో ఉన్న అంకె. మైనస్ గుర్తు ఉండాల్సిన చోట సున్నా కూర్చోవడంతో ప్రోగ్రామ్ దాన్ని పెద్ద ప్లస్ సంఖ్య అనుకుంది. ఉత్తరంలో అంకెలు విడిచిపెట్టకుండా రాసినందుకు చాలా సంతోషం. 'ఏదో పెద్ద నంబర్ వస్తోంది' అని రాసి ఉంటే ఇంత కచ్చితంగా చెప్పగలిగేదాన్ని కాదు.

సరిచేయడం తేలిక. వరుస మార్చు: ముందు క్లాక్ ఎక్కించు, దించు, అప్పుడు పిన్ చదువు. మళ్ళీ క్లాక్ ఎక్కేదాకా బిట్టు కదలదు కాబట్టి తొందరేమీ లేదు. 24 అయ్యాక 25వ పల్సు ఒకటి ఇవ్వడం మరచిపోకు. దానితోనే డేటా పిన్ మళ్ళీ పైకి వెళ్తుంది, తర్వాతి కొలతకు గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచాలన్నది) 128 అని కూడా చిప్‌కు తెలుస్తుంది. 26 ఇస్తే రెండో ఛానెల్ గెయిన్ 32తో వస్తుంది, 27 ఇస్తే మొదటి ఛానెలే గెయిన్ 64తో. ఆ తర్వాత 24 బిట్ల సంఖ్యను 32 బిట్లలోకి తెచ్చేటప్పుడు, పెద్ద బిట్టు 1 అయితే పైనున్న ఎనిమిది బిట్లనూ 1తో నింపు. లేకపోతే వరుస సరిచేసినా మైనస్ మాత్రం రాదు. గ్రాముకు అంకె ఇప్పుడు 107.2 అవుతుంది. పాత 53.6 అలాగే ఉంచేస్తే తూకం రెట్టింపు చూపిస్తుంది, జాగ్రత్త.

ఇంకో సంగతి. ఈ చిప్ క్లాక్ 60 మైక్రోసెకన్లకు మించి పైనే ఉండిపోతే నిద్రలోకి జారుకుంటుంది. నీ ప్రోగ్రామ్‌లో ఇంటరప్టులు (చేస్తున్న పనిని ఆపి మధ్యలో దూరే పనులు) ఎక్కువుంటే, క్లాక్ ఎక్కించిన చోటి నుంచి దించేదాకా వాటిని ఆపి ఉంచు.

కాలిబ్రేషన్‌కు ముందు చేయాల్సిన పరీక్ష ఒకటి చెబుతాను. నేను లోడ్ సెల్‌తో ఏ పని చేసినా ఇదే మొదటిది. పళ్ళెం లేకుండా సెల్ చివరను చేత్తో మెల్లగా కిందికి నొక్కు, తర్వాత మెల్లగా పైకి ఎత్తు. ముడి అంకె ప్లస్ నుంచి సున్నా మీదుగా మైనస్‌లోకి జారుకుంటూ వెళ్ళాలి, ఎక్కడా గెంతకూడదు. గెంతితే రాయి పెట్టకు, ముందు బిట్లు చూసుకో.

చివరిగా, ఈ కాటాతో ఇంట్లో బస్తాలు సరిచూసుకోవచ్చు గానీ, దుకాణంలో తూచి అమ్మాలంటే తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కాటానే వాడాలి. ఈ మాట నాన్నగారికి కూడా చెప్పు.

ప్రశ్న: వరంగల్‌లో బీటెక్ చదువుతున్నాను. డబ్ల్యు25క్యూ64 ఫ్లాష్ మెమరీ చిప్‌ను ఎస్‌పీఐలో (క్లాక్ తాళానికి చిప్‌లు బిట్లు ఇచ్చిపుచ్చుకునే ఒక పద్ధతి) కలిపి నాలుగు మోడ్‌లూ వేసి చూశాను. 0లో, 3లో ఐడీ సరిగ్గా ఈఎఫ్, 40, 17 అని వచ్చింది. 1లో, 2లో అన్నీ ఎఫ్ఎఫ్‌లే. ఏది పనిచేస్తే అది ఉంచుకోమని ఫ్రెండ్స్ అంటున్నారు. రెండూ పనిచేస్తున్నాయి కదా, ఏది ఉంచాలి? పైగా అదే కోడ్‌ను పిక్ కంట్రోలర్‌కు (ప్రోగ్రామ్ నడిపే ఇంకో రకం చిప్) మార్చితే మోడ్ సెట్ చేసే బిట్లు తిరగబడి ఉన్నాయి. టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ పడకమ్మా. నీకు వచ్చిన ఫలితం చాలా శుభ్రంగా ఉంది. దాని అర్థం తెలిస్తే చాలు.

ఎస్‌పీఐని 1980ల్లో మోటరోలా తెచ్చింది. ఆ కంపెనీ తన కంట్రోలర్లలో రెండు బిట్లు పెట్టింది. సీపీఓఎల్ అనేది పని లేనప్పుడు క్లాక్ ఎక్కడ నిలబడాలో చెబుతుంది: 0 అయితే కింద, 1 అయితే పైన. సీపీహెచ్‌ఏ అనేది క్లాక్ కదిలాక మొదటి ఎడ్జ్‌లో చదవాలా, రెండో ఎడ్జ్‌లో చదవాలా చెబుతుంది: 0 అయితే మొదటిదానిలో, 1 అయితే రెండోదానిలో. ఈ రెండింటి కలయికలే నాలుగు మోడ్‌లు.

కాగితం మీద గీసి చూడు. మోడ్ 0లో క్లాక్ కింద నిలబడి ఉంటుంది, మొదటి కదలిక ఎక్కడం, అక్కడే చదువుతాం. మోడ్ 3లో క్లాక్ పైన నిలబడి ఉంటుంది, మొదటి కదలిక దిగడం, రెండోది ఎక్కడం, అక్కడ చదువుతాం. రెండింటిలోనూ చదివేది ఎక్కేటప్పుడే. క్లాక్ ఎక్కడ విశ్రాంతి తీసుకుంటుందన్నదే తేడా. నీ ఫ్లాష్ చిప్ బిట్టును ఎక్కేటప్పుడు తీసుకుని, దిగేటప్పుడు ఇస్తుంది. అందుకే 0, 3 రెండూ దానికి సమ్మతమే, డేటాషీటులోనూ అలాగే ఉంటుంది. 1, 2 మోడ్‌లలో చదివేది దిగేటప్పుడు. అంటే నీ కంట్రోలర్ మోసీ తీగ (చిప్‌కు పంపే తీగ) మీద బిట్టును ఎక్కేటప్పుడు మారుస్తోంది, సరిగ్గా అదే క్షణంలో చిప్ చదువుతోంది. ఐడీ అడిగే ఆదేశం 9ఎఫ్. ఒక బిట్టు ఆలస్యంగా అందితే చిప్‌కు అది 4ఎఫ్ లాగానో సీఎఫ్ లాగానో వినిపిస్తుంది. అడిగింది ఐడీ అని దానికి తెలియదు కాబట్టి అది మాట్లాడదు. ఎవరూ నడపని మీసో తీగ (చిప్ నుంచి వచ్చే తీగ) పైనే ఉండిపోయి అన్నీ ఎఫ్ఎఫ్‌లు కనిపిస్తాయి.

0 ఉంచాలా, 3 ఉంచాలా? అవే తీగల మీద వేరే చిప్ లేకపోతే 0 ఉంచు. మోడ్ 3 మాత్రమే ఒప్పుకునే చిప్ పక్కన ఉంటే దీన్నీ 3లోనే నడుపు, అప్పుడు క్లాక్ విశ్రాంతి స్థాయి మాటిమాటికీ మారదు. మార్చక తప్పని పరిస్థితి ఉంటే, ముందు మోడ్ మార్చి, తర్వాతే చిప్ సెలెక్ట్‌ను (ఏ చిప్‌తో మాట్లాడుతున్నామో చెప్పే తీగను) కిందికి దించాలి. సెలెక్ట్ దించాక మోడ్ మారిస్తే క్లాక్ కింది నుంచి పైకి వెళ్ళడాన్నే చిప్ ఒక ఎడ్జ్‌గా లెక్కపెట్టుకుంటుంది, అక్కడి నుంచి ప్రతిదీ ఒక బిట్టు జరిగిపోతుంది.

పిక్ సంగతి: అందులో సీకేపీ అనేది సీపీఓఎల్ లాంటిదే. కానీ సీకేఈ మాత్రం సీపీహెచ్‌ఏకు సరిగ్గా తిరగేసి ఉంటుంది. మోడ్ 0 కావాలంటే అక్కడ సీకేఈ 1 పెట్టాలి. టెక్సస్ వారి ఎంఎస్‌పీ430లో యూసీసీకేపీహెచ్ కూడా అలాగే తిరగేసి ఉంటుంది. పేరులో ఫేజ్ అని ఉంది కదా అని మోటరోలా విలువ వేశావంటే మోడ్ మారిపోతుంది. అందుకే నేను మోడ్ నంబర్లను, బిట్ల పేర్లను నమ్మను. టైమింగ్ బొమ్మ చూస్తాను. గళ్ళ కాగితం మీద క్లాక్ గీసి, చిప్ బిట్టు మార్చే చోట ఎర్ర పెన్నుతో, నేను చదవాల్సిన చోట నీలం పెన్నుతో బాణాలు వేస్తాను. ఎరుపు, నీలం ఒకే ఎడ్జ్ మీద పడకూడదు.

'ఏది పనిచేస్తే అది' అన్న సలహాను మాత్రం నేను ఒప్పుకోను. నీకు పనిచేసినవి 0, 3. రెండూ ఒకే ఎడ్జ్‌లో చదివేవి కాబట్టి నీ ఫలితం నిజం. 1, 2 జంటగా పనిచేసినా నమ్మవచ్చు. కానీ డేటా ఇవ్వడమే తప్ప ఆదేశం తీసుకోని సెన్సర్ల దగ్గర ఒక్కోసారి 0, 1 రెండూ పనిచేసినట్టు కనిపిస్తాయి. అప్పుడు ఆ రెండింటిలో ఒకటి అదృష్టం మీద నడుస్తోంది. చిప్ దిగేటప్పుడు బిట్టు మారుస్తుంటే, నువ్వూ దిగేటప్పుడే చదువుతుంటే, చిప్ చేయి కదిపేలోపు కొన్ని నానోసెకన్ల సందులో పాత బిట్టును అందుకుంటున్నావన్నమాట. ఆ సందు ఎంత ఉంటుందో ఎవరూ నీకు హామీ ఇవ్వరు. చిప్ మారితే మారుతుంది, వేడికి మారుతుంది, వోల్టేజికి మారుతుంది. బెంచ్ మీద నడిచిందని వంద బోర్డులు చేయించాక ఆ సందు మూసుకుపోతే వెతకడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ప్రశ్న: రాజమండ్రిలో జాతర్లకు, పెళ్ళిళ్ళకు ఎల్‌ఈడీ అక్షరాల బోర్డులు చేస్తాను. 4094 ఐసీలు (ఒక్కో బిట్టుగా తీసుకుని ఎనిమిది పిన్‌ల మీద చూపించే షిఫ్ట్ రిజిస్టర్లు) వరుసగా కలుపుతాను. 9వ పిన్ నుంచి తర్వాతి ఐసీకి డేటా ఇస్తాను. 10వ పిన్ కూడా సీరియల్ అవుట్‌పుట్టే అని పుస్తకంలో ఉంది. ఒకే పనికి రెండు పిన్‌లు ఎందుకు? బోర్డులు దూరంగా పెట్టినప్పుడు మాత్రం మూడో బోర్డు నుంచి అక్షరాలు పక్కకు జరుగుతున్నాయి.

జవాబు: మీ చివరి వాక్యానికి జవాబు ఆ 10వ పిన్‌లోనే ఉందండీ. ఇది చదవగానే నాకు 1990ల నాటి ఒక వారం గుర్తుకొచ్చింది.

ఉద్యోగంలో చేరిన కొత్త. మేం టోకెన్ నంబర్ డిస్‌ప్లే ఒకటి చేశాం. నాలుగు పెద్ద అంకెలు, ఒక్కో అంకెకు ఒక్కో బోర్డు, ఒక్కో బోర్డుకు ఒక 4094. బెంచ్ మీద అడుగు పొడవు రిబ్బన్ కేబుల్‌తో వారం రోజులు తప్పు లేకుండా నడిచింది. తీసుకెళ్ళి హాల్లో బిగించాం. అక్కడ కేబుల్ ఆరు మీటర్లు. మూడో అంకె నుంచి గీతలు పక్కకు జరిగాయి. 1 రావాల్సిన చోట వేరే రెండు గీతలు వెలిగాయి. నేను ఐసీలు మార్చాను, కేబుల్ మార్చాను, సప్లై మార్చాను. రెండు రోజులు ఆ హాల్లోనే నిచ్చెన మీద గడిచాయి. మూడో రోజు మా సీనియర్ ఆసిలోస్కోప్ మోయించుకొచ్చి, డేటా తీగను ముట్టుకోకుండా నేరుగా క్లాక్ మీద ప్రోబ్ పెట్టారు. బెంచ్ మీద నిట్టనిలువుగా లేచిన క్లాక్ ఇక్కడ ఏటవాలుగా, కొండ ఎక్కినట్టు ఎక్కుతోంది.

జరిగింది ఇదీ. 4094 క్లాక్ ఎక్కేటప్పుడు బిట్టును తీసుకుంటుంది, 9వ పిన్ మీద తన బిట్టును కూడా అదే ఎక్కుడుకు మారుస్తుంది. నేను పై జవాబులో పనికిరాదన్న ఎరుపు, నీలం బాణాలు ఒకే చోట పడటం ఇక్కడ కావాలనే ఉంది. వరుసలో ఐసీలన్నీ ఒకే క్షణంలో అడుగు వేస్తే పర్వాలేదు. మొదటి ఐసీ బిట్టు మార్చేలోపు రెండోది పాత బిట్టును తీసేసుకుంటుంది. కానీ క్లాక్ వాలుగా ఎక్కితే, ఏ ఐసీ ఏ వోల్టేజి దగ్గర 'క్లాక్ ఎక్కింది' అనుకుంటుందో దాన్ని బట్టి ఒకటి ముందు, ఒకటి వెనక అడుగు వేస్తాయి. ముందున్నది అప్పటికే కొత్త బిట్టును బయట పెట్టేస్తే, వెనకున్నది పాతదాన్ని వదిలేసి కొత్తదాన్ని మింగుతుంది. ఒక బిట్టు గల్లంతు. అక్కడి నుంచి అన్నీ ఒక స్థానం జరుగుతాయి.

ఇది జరుగుతుందని ఆ ఐసీ తయారుచేసినవాళ్ళకు ముందే తెలుసు. అందుకే 10వ పిన్ ఇచ్చారు. దాని మీద అదే బిట్టు వస్తుంది, కానీ క్లాక్ దిగినప్పుడు. అంటే అర పల్సు ఆలస్యంగా. ఎక్కే వేళ 10వ పిన్ కదలకుండా ఉంటుంది కాబట్టి తర్వాతి ఐసీ కాస్త ముందైనా వెనకైనా ఆగిన బిట్టునే తీసుకుంటుంది. డేటాషీటులోనూ క్లాక్ నెమ్మదిగా ఎక్కే చోట ఈ పిన్ వాడమనే ఉంది. మా సీనియర్ చాకుతో ఒక ట్రాక్ తెంపి, 10వ పిన్ నుంచి చిన్న తీగ అతికించారు. అంకెలు సర్దుకున్నాయి. నేను డేటాషీటులో ఆ ఒక్క వాక్యం చదివి ఉంటే రెండు రోజుల పని మిగిలేది.

మీరు ఒకే బోర్డు లోపల ఐసీల మధ్య 9వ పిన్‌నే ఉంచండి. ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకు వెళ్ళే చోట మాత్రం 10వ పిన్ నుంచి తీయండి. బిట్టుకు అర పల్సు సమయమే దొరుకుతుంది కాబట్టి క్లాక్ వేగం మరీ పెంచకూడదు, అక్షరాల బోర్డుకు ఆ వేగం అక్కర్లేదు కూడా. ప్రతి బోర్డు మొదట్లో క్లాక్‌ను 74హెచ్‌సీ14 లాంటి ష్మిట్ గేటు గుండా పంపితే ఎడ్జ్ మళ్ళీ నిలువుగా అవుతుంది. అయితే ఆ గేటు సిగ్నల్‌ను తిరగేస్తుంది. ఒక్క గేటే వాడితే ఎక్కేది దిగేది అయిపోతుంది. రెండు గేట్లు వరుసగా పెట్టండి.

ఎప్పుడైనా 74హెచ్‌సీ595కు (ఇలాంటి పనే చేసే ఇంకో ఐసీ) మారితే దానికి ఈ రెండో పిన్ లేదని గుర్తుంచుకోండి. అక్కడ నేను క్లాక్‌ను డేటాకు ఎదురు దిశలో తిప్పుతాను. డేటా మొదటి బోర్డు నుంచి చివరికి వెళ్తే, క్లాక్ చివరి బోర్డు నుంచి మొదటికి వస్తుంది. అప్పుడు తీసుకునే ఐసీ ఎప్పుడూ ఇచ్చే ఐసీ కంటే ముందే అడుగు వేస్తుంది. తీగ కొంచెం ఎక్కువ పడుతుంది, అంతే.

ప్రశ్న: ఐ2సీలో (రెండే తీగలతో చిప్‌లు మాట్లాడుకునే పద్ధతి) ఎవరూ ఎడ్జ్ గురించి అడగరు. ఎందుకని? (కరీంనగర్ నుంచి)

జవాబు: అక్కడ ఆ నిర్ణయం ముందే అయిపోయింది కాబట్టి. క్లాక్ కింద ఉన్నప్పుడే డేటా మారాలి, పైన ఉన్నంతసేపూ కదలకూడదు అన్నది ఫిలిప్స్ 1980ల్లోనే పెట్టిన నియమం. క్లాక్ పైన ఉండగా డేటా కదిలితే అది బిట్టు కాదు: దిగితే సంభాషణ మొదలు, ఎక్కితే ముగింపు. ఎంచుకునే వీలు లేదు కాబట్టి తప్పు ఎంచుకునే వీలూ లేదు.

ప్రశ్న: విశాఖలో ఉద్యోగం చేస్తూ ఖాళీ సమయంలో డేటా లాగర్ చేస్తున్నాను. యూనోకు ఎస్‌డీ కార్డు కలిపాను. మధ్యలో నాలుగు ఛానెళ్ళ చిన్న లెవెల్ షిఫ్టర్ బోర్డు (5 వోల్టుల సిగ్నల్‌ను 3.3కు, 3.3ను 5కు మార్చేది) ఉంది. కార్డును గుర్తిస్తుంది, కానీ పూర్తి వేగంలో, అంటే 8 మెగాహెర్ట్జ్‌లో, ఫైలు తెరుచుకోదు. వేగం బాగా తగ్గిస్తే పనిచేస్తుంది. మోడ్ 0 బదులు మోడ్ 1 పెట్టి చూడమంటారా?

జవాబు: వద్దండీ. ఎస్‌డీ కార్డు బిట్టును ఎక్కేటప్పుడు తీసుకుని, దిగేటప్పుడు ఇస్తుంది. మోడ్ 0 సరైనదే. ఎడ్జ్‌ను ముట్టుకోవద్దు.

కార్డును గుర్తించే దశ 400 కిలోహెర్ట్జ్‌కు మించకుండా జరుగుతుంది. అది దాటాకే వేగం పెరుగుతుంది. గుర్తించడం జరిగి ఫైలు తెరుచుకోవడం లేదంటే మీ తీగలు నెమ్మదిగా ఉన్నాయని అర్థం. 8 మెగాహెర్ట్జ్‌లో ఒక పల్సు 125 నానోసెకన్లు. దిగేటప్పుడు మారిన బిట్టు ఎక్కేలోపు నిలదొక్కుకోవాలి కాబట్టి చేతిలో ఉన్నది అందులో సగం, 62.5 నానోసెకన్లు. ఆ లోపలే క్లాక్ షిఫ్టర్ దాటి కార్డును చేరాలి, కార్డు బిట్టును మార్చాలి, ఆ బిట్టు తిరిగి షిఫ్టర్ దాటి యూనోకు రావాలి.

మీరు చెప్పిన చిన్న బోర్డుల్లో సాధారణంగా ఒక్కో తీగకు ఒక మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్), రెండు 10 కిలోఓమ్ రెసిస్టర్లు ఉంటాయి. ఐ2సీ కోసం పుట్టిన అమరిక అది. సిగ్నల్‌ను కిందికి గట్టిగా లాగుతుంది, పైకి మాత్రం రెసిస్టరే మెల్లగా ఎక్కించాలి. తీగకు 50 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉందనుకున్నా 10 కిలోఓమ్‌లతో కలిసి 500 నానోసెకన్ల లెక్క వస్తుంది. 62.5 ఎక్కడ, 500 ఎక్కడ! మోడ్ 1 పెడితే చదివే చోటు మారుతుంది గానీ, మోసీ మీద పంపే ఆదేశాలు పాడవుతాయి. ఇప్పుడు గుర్తిస్తున్న కార్డును అప్పుడు గుర్తించడం కూడా మానేస్తుంది.

ఆ బోర్డు తీసేసి, యూనో నుంచి కార్డుకు వెళ్ళే మూడు తీగలకు 3.3 వోల్టులతో నడిచే 74హెచ్‌సీ4050 బఫర్ ఐసీ పెట్టండి. మీ దగ్గర దొరక్కపోతే హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో అడిగించండి. కార్డు నుంచి వచ్చే మీసో తీగను నేరుగా యూనోకు ఇవ్వవచ్చు. 5 వోల్టుల యూనో 3 వోల్టుల నుంచి పైనున్నదాన్ని ఒకటిగానే గుర్తిస్తుంది. 3.3కూ 3కూ మధ్య తేడా తక్కువ కాబట్టి ఆ తీగ పొట్టిగా ఉంచి, పక్కనే గ్రౌండ్ తీగ నడపండి. మార్చాక ముందు 4 మెగాహెర్ట్జ్‌లో ఒక పెద్ద ఫైలు రాసి, తిరిగి చదివి, రెండూ ఒకటేనా అని పోల్చి చూడండి. సరిపోతే అప్పుడు 8కి వెళ్ళండి.